సమోవన్ బడిలో పర్యావరణ పాఠం చెప్పమన్నారు, ఎలా?

*అక్కా, నమస్తే. మాది నిజామాబాద్. ఆక్లాండ్‌లో చిన్నపిల్లల టీచింగ్ చదువుతున్నాను. ప్రాక్టికమ్, అంటే బడిలో చేసే శిక్షణ, మాంగెరెలో వేశారు. అది పసిఫిక్ దీవుల దేశం సమోవా వాళ్ల భాషలో, సమోవన్‌లో, నడిచే పసిపిల్లల సెంటర్. పర్యావరణం మీద ప్లాన్ రాసి పిల్లలతో చేయించాలి. నాకు ఆ భాష ఒక్క ముక్క రాదు. సెంటర్ మార్చమని అడగనా? దీపావళికి రంగు బియ్యంతో ముగ్గు వేయిద్దామనుకుంటున్నా, బాగుంటుందా?*

చెల్లీ, మార్చమని అడక్కు. ఈ దేశంలో పసిపిల్లల టీచర్‌గా స్థిరపడదామనుకునేవాళ్లకి అంతకంటే మంచి చోటు దొరకడం కష్టం. ఇంగ్లిషు, మావోరీ తర్వాత న్యూజీలాండ్‌లో ఎక్కువమంది మాట్లాడే భాష సమోవనే. ఇక్కడి మూలవాసులైన మావోరీలు తమ భాషను కాపాడుకోవడానికి 1982లో కొహంగ రేయో అనే పసిపిల్లల బడులు మొదలుపెట్టారు. అదే దశకంలో సమోవన్ తల్లులు, అమ్మమ్మలు చర్చిల అండతో ఆఒంగ అమతలు, అంటే సమోవన్‌లో నడిచే పసిపిల్లల బడులు, పెట్టుకున్నారు. మనవల నోట తమ మాట నిలవాలని పెద్దలు కట్టుకున్న చోటు అది. నువ్వు అక్కడికి అతిథిగా వెళ్తున్నావు.

అందుకే నీ ప్లాన్‌ను రంగురంగుల చెత్తడబ్బాలతో మొదలుపెట్టకు. సమోవా 2019 జనవరిలోనే ప్లాస్టిక్ సంచులు ఆపేసింది. న్యూజీలాండ్ ఆ పని చేసింది అదే ఏడాది జూలైలో. నేలనీ నీటినీ ఎలా చూసుకోవాలో వాళ్లకి మనం కొత్తగా చెప్పేదేం లేదు. మొదటి వారమంతా చూడు. పొద్దున లోతు, అంటే ప్రార్థన, ఎలా జరుగుతుందో, మిగిలిన తిండి ఎటు పోతుందో, చాపలు ఎవరు మడతపెడతారో, తోటలో ఏముందో గమనించు. నీ ప్లాన్ అందులోంచే పుట్టాలి.

తోటలో ఎక్కువగా కనిపించేది తాలో, మన చేమదుంపే. ఆకుని కొబ్బరిపాలతో వండితే పలుసామి. దీని వెనక పెద్ద కథ ఉంది. 1993లో ఆకు తెగులు వచ్చి సమోవాలో చేమ పంట దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. ఎగుమతికని ఊరంతా ఇష్టంగా వేసిన తాలో నియూ రకం ఆ తెగులుకి ఆగలేదు. తర్వాత బయటి దీవుల రకాలతో సంకరం చేసి, తట్టుకునే రకాలు తయారుచేసుకున్నారు. ఆ రోజులు గుర్తున్న తాతమ్మలు నీ సెంటర్ పిల్లల ఇళ్లలో ఉండే ఉంటారు. ఒకరిని పిలిపించమని హెడ్ టీచర్‌ని అడుగు. ఆవిడ సమోవన్‌లో చెబుతుంటే నువ్వు మట్టి పట్టుకుని పక్కన కూర్చో. ఒకే మడిలో రెండు మూడు రకాలు నాటించు. కాడ రంగు, ఆకు తీరు పిల్లలే పోల్చి చూస్తారు. ఒకే రకాన్ని నమ్ముకుంటే ఏమవుతుందో మూడేళ్ల పిల్లకి ఉపన్యాసంతో అర్థం కాదు, మడిలో చూస్తే అర్థమవుతుంది.

రెండు జాగ్రత్తలు. పచ్చి చేమాకు రసం చేతికి తగిలితే దురద, నోట్లో పెట్టుకుంటే మంట. కాబట్టి కోసే పని పెద్దవాళ్లదే, మట్టి వంటల ఆటలోకి ఆ ఆకు రానీయకు. ఇంకొకటి మనవాళ్లకి బొత్తిగా తెలియనిది: ఇక్కడ దుకాణంలో కొన్న పాటింగ్ మిక్స్ (కుండీల మట్టి), కంపోస్ట్ సంచుల్లో లీజియొనెల్లా అనే బాక్టీరియా ఉండొచ్చు, ఊపిరితిత్తులకి ప్రమాదం. మాస్క్, గ్లవ్స్ వేసుకుని, పిల్లల్ని దూరంగా ఉంచి, బయట గాలిలో సంచి విప్పి, మట్టిని తడుపు. తర్వాత అందరూ చేతులు కడుక్కోవాలి.

అల్లికకి సమోవాలో మొగలి జాతి ఆకు వాడతారు. ఇక్కడ చాలాసార్లు దాని బదులు హరకెకె అనే నార మొక్క ఆకు దొరుకుతుంది. అది మావోరీల మొక్క, దానికి వాళ్ల నియమాలున్నాయి. నడిమి మొవ్వనీ, దానికి రెండు పక్కల కాపుండే ఆకుల్నీ ముట్టుకోకూడదు. బిడ్డ, తల్లిదండ్రులు అంటారు వాటిని. బయటి ముదురాకులే, ఏటవాలుగా కోయాలి. వానలో కోయరు, రాత్రి కోయరు. మిగిలిన ముక్కలు మొక్క మొదట్లోనే వేస్తారు. మొక్కని బతకనిచ్చి వాడుకోవడం ఎలాగో ఇంత చక్కగా చూపించే పాఠం నేను మరోటి చూడలేదు. నీ ప్లాన్‌లో దీనికి కనీసం రెండు వారాలు ఇవ్వు.

రంగు బియ్యం ముగ్గు మాత్రం వద్దు. మావోరీ, పసిఫిక్ కుటుంబాల్లో చాలామంది తిండిని ఆటవస్తువు చేయడాన్ని ఇష్టపడరు. అన్నం పరబ్రహ్మమన్న ఇంట్లో పెరిగినదానివి, నీకు వేరే చెప్పక్కర్లేదు. దాని బదులు బతుకమ్మ పేర్చించు. ఇక్కడ సెప్టెంబరు, అక్టోబరు అంటే వసంతం, పూలకి కొదవుండదు. రాలిన పూలు పిల్లలతో ఏరించు. అయితే అది ప్రార్థన జరిగే చోటు కాబట్టి ఇది మా పండగ అని ముందే హెడ్ టీచర్‌కి చెప్పి, ఒప్పుకుంటేనే చెయ్యి. అయ్యాక పూలు వాగులో కలపొద్దు, కంపోస్ట్‌లో వెయ్యండి.

సముద్రం పెరుగుతోంది, దీవులు మునిగిపోతాయి అనే మాటలు ఆ వయసు పిల్లల ముందు ఎత్తకు. సమోవాని తాకిన 2009 సెప్టెంబరు 29 సునామీలో అయినవాళ్లని పోగొట్టుకున్న కుటుంబాలున్నాయి. వాళ్లు చెబితే విను, నువ్వు అడక్కు.

భాష సంగతి. రాదని దిగులుపడకు. మన ‘ఙ’ పలకగలిగితే వాళ్లు g అని రాసే అక్షరం వచ్చేసినట్టే, హ్రస్వదీర్ఘాలు మనకి అలవాటేగా. తలోఫా (నమస్తే), ఫఅఫెతాయి (ధన్యవాదాలు) ముందు నేర్చుకో. కూర్చున్నవాళ్ల ముందు నుంచి నడవాల్సివస్తే కొంచెం వంగి ‘తులౌ’ అనాలి. అది మర్చిపోకు, ఆ ఒక్క మాటతోనే పెద్దవాళ్లు నిన్ను దగ్గరికి తీస్తారు. పాట ఫైఆఒంగ, అంటే అక్కడి టీచరు, పాడనీ. నువ్వు పిల్లలతో కలిసి గొంతు కలుపు. వాళ్లు నీ పలుకు దిద్దితే దిద్దించుకో, పిల్లలకి అదెంత గర్వమో చూద్దువుగాని.

కాగితాల పని తేలికే. 2017లో సవరించిన తె ఫారికి అనే ఇక్కడి పసిపిల్లల పాఠ్యప్రణాళికలో, ‘మనది అనే భావం’ చెప్పే భాగంలో, ఉన్న చోటుని చూసుకోవడంలో పాలుపంచుకోవడం అని ఒక అంశం ఉంది. నీ లెర్నింగ్ స్టోరీలు, అంటే పిల్లలు ఏం నేర్చుకున్నారో కథలా రాసే నోట్సు, దానికి ముడిపెట్టు. గోడకి అంటించే ముందు సమోవన్ మాటలు ఫైఆఒంగతో దిద్దించు.

ఇక తాలో అక్టోబరు దాటాక, ఎండ తగిలి గాలి కొట్టని తడి మూలలో నాటించు. నీ ప్రాక్టికమ్ అయిపోయాక, క్రిస్మస్‌కి సెంటర్ మూసే రోజుల్లో నీళ్లెవరు పోస్తారో దగ్గర్లో ఉన్న ఏదైనా కుటుంబంతో ముందే మాట్లాడి పెట్టుకో.