అమెరికా పాత ట్రక్కుల్లో ‘హాఫ్ టన్’ అంటే నిజంగా అర టన్నేనా?

మొదట్లో అవును, హాఫ్ టన్ అంటే ఆ ట్రక్కు మీద వేయదగ్గ బరువే, కానీ ఇప్పటి బండ్లకు అది సైజు చెప్పే పేరుగా మాత్రమే మిగిలింది. అమెరికా టన్ను 2,000 పౌండ్లు, అంటే మన వెయ్యి కిలోల టన్ను కాదు, దాదాపు 907 కిలోలు. అందులో సగం 450 కిలోల పైచిలుకు. అప్పట్లో రైతుకైనా మేస్త్రీకైనా బండి కొనేముందు తెలియాల్సింది అదే, ఎంత సరుకు వేస్తే కమాన్లు (బరువు మోసే స్ప్రింగు పట్టీలు), యాక్సిల్ (చక్రాల ఇరుసు) తట్టుకుంటాయన్నది.

1947 మధ్యలో వచ్చిన షెవ్రోలె పికప్ ట్రక్కులే చూడండి. 3100 హాఫ్ టన్, 3600 ముప్పావు టన్ను, 3800 ఒక టన్ను. ముందు నుంచి చూస్తే మూడూ అన్నదమ్ముల్లా ఉంటాయి, క్యాబిన్ ఒకటే, తేడా అంతా కిందే: ఫ్రేము పొడవు, కమాన్లు, యాక్సిల్. చక్రం దగ్గర వంగి చూస్తే ఇట్టే తెలిసిపోతుంది, 3100కి ఆరు బోల్టులు, 3600కి ఎనిమిది. నాకు ఈ బండ్లలో బాగా నచ్చేది ఇదే, చేసే పని ఒంటి మీదే కనిపిస్తుంది.

తర్వాత మోసే శక్తి పెరిగింది, పేరు మారలేదు. ఇప్పటి ఫోర్డ్ ఎఫ్-150ని కూడా హాఫ్ టన్ అనే అంటారు, మోసేది మాత్రం అంతకు బాగా ఎక్కువ.

చాలామంది హాఫ్ టన్ అంటే బండి సొంత బరువనో, వెనక తగిలించి లాగే బరువనో అనుకుంటారు. రెండూ కాదు. ఖాళీ 3100 బండే 1,400 కిలోల దరిదాపుల్లో ఉంటుంది.