పిల్ల పేరు గురించి చిట్టికి

చిట్టీ,

పేర్ల లిస్టు నలభై దాటిందని, మీ నాన్న ఒకవైపు, మీ బెంగాలీ అత్తగారు ఒకవైపు లాగుతున్నారని నిన్న ఫోన్లో అన్నావు. పచ్చి బాలింతవి, నిద్ర లేదు, ఫోన్లో ఏం చెప్పినా నీ బుర్రకెక్కదు. అందుకే రాస్తున్నాను. పిల్ల పడుకున్నప్పుడు చదువుకో.

ముందు ఆ టెన్షన్ వదిలెయ్. సర్టిఫికెట్ కోసం పేరు వెంటనే చెప్పాలని ఎవరో అన్నారట కదా. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం 21 రోజుల్లో నమోదు చేయించాల్సింది పిల్ల పుట్టిన సంగతి, పేరు కాదు. పేరు గడి ఖాళీగా వదిలేసి, ఏడాదిలోపు రుసుము లేకుండా చేర్పించుకోవచ్చు. మనకేమో ఇరవయ్యొకటో రోజు బారసాల. వాళ్ళకు ఆడపిల్లకైతే ఐదో నెలలోనో ఏడో నెలలోనో అన్నప్రాశన. అందులో పాయసం తినిపించేది మేనమామ. మీ తమ్ముణ్ణి సెలవు దాచుకోమను.

ఇక మేము చేసిన తప్పు. మా చిన్నాడు బెంగాలీ అమ్మాయిని చేసుకున్నాడు కాబట్టి మన ఇళ్ళల్లో ఈ దారిన ముందు నడిచింది మేమే. మనవరాలు పుట్టగానే ఎవరూ నొచ్చుకోకూడదని ఇద్దరు నాయనమ్మ అమ్మమ్మల పేర్లూ చెరి సగం కోసి అతికించాం. ఆ పేరు ఇక్కడ రాయను, అది చదివితే నొచ్చుకుంటుంది. వినడానికి మందు సీసా మీద పేరులా ఉంటుంది. బడిలో ప్రతి ఏడాదీ కొత్త టీచర్ "అంటే అర్థం ఏంటమ్మా?" అని అడగడం, అది బిక్కమొహం వేయడం. ముప్పయ్యేళ్ళు హాజరు పట్టీ పిలిచిన దాన్ని, నాకైనా తట్టాలి కదా! చివరికి జరిగిందేమిటంటే, ఆ పేరుతో నేనూ పిలవను, మా వియ్యపురాలూ పిలవదు. రెండిళ్ళ మర్యాద కోసం పెట్టిన పేరు ఏ ఇంట్లోనూ పలకని పేరయింది.

అందుకని సగాలు అతికించకు. రెండిళ్ళకూ ముందే తెలిసిన పేరు వెతుకు. మన ఊళ్ళో ఇదేమీ కొత్త సంబంధం కాదు. సరోజినీ నాయుడు హైదరాబాద్‌లో పుట్టిన బెంగాలీ పిల్లే. వాళ్ళ నాన్న అఘోరనాథ్ చటోపాధ్యాయ నిజాం కాలేజీకి మొదటి ప్రిన్సిపాల్. 1898లో ఆమె మన డాక్టర్ గోవిందరాజులు నాయుడిని పెళ్ళాడింది. పిల్లలకు జయసూర్య, పద్మజ, రణధీర, లీలామణి అని పేర్లు పెట్టుకున్నారు. వీటిలో ఏది తెలుగు, ఏది బెంగాలీ అంటే చెప్పగలవా? ఆ పద్మజే తర్వాత పశ్చిమ బెంగాల్‌కు గవర్నరయింది. డార్జిలింగ్ జూకు ఉన్నది ఆమె పేరే. అక్కడివాళ్ళు దాన్ని ఇంచుమించు "పొద్దోజా" అంటారు. అంటే అననీ. పేరు మారలేదు, నోరు మారిందంతే.

మీ నాన్న గోల కూడా ఇదే కదా. రోహిణి నక్షత్రం కాబట్టి ఓ, వా, వీ, వూ అన్నారు పంతులుగారు. వీణ అని పెడదామంటే మీ అత్తగారు బీనా అంటున్నారని ఆయనకు చిన్నతనంగా ఉంది. వాళ్ళకు వకారం బకారమవుతుంది, మన అకారం చాలాచోట్ల ఒకారమవుతుంది, లక్ష్మిని లొక్ఖి అంటారు. బీనా వాళ్ళకు సొంత పేరు, వీణ మనకు సొంత పేరు, వాద్యం ఒకటే. దానికి అలకెందుకు? ఇంగ్లీషులో ఒక్క స్పెల్లింగ్ ఖాయం చేసుకుని, నమోదు కాగితం నుంచి ఆధార్ దాకా అదే రాయించండి. మేము ఒకచోట ఒక అక్షరం ఎక్కువ రాసి, దాన్ని దిద్దించుకోవడానికి రెండు నెలలు తిరిగాం.

నక్షత్రం పేరు చెవిలో చెప్పి, పిలిచే పేరు వేరే పెట్టుకోవడమూ మన ఇళ్ళల్లో ఉన్నదే. అలాగైతే ఉమ అన్న పేరు ఒక్కసారి ఆలోచించు. మహాలయ అమావాస్యకు మనకు ఎంగిలిపూల బతుకమ్మ, ఆడపిల్లలు పుట్టింటికి వచ్చే రోజులు. వాళ్ళకూ ఆ నాటి నుంచే ఉమ పుట్టింటికి వస్తోందని సందడి. రెండే అక్షరాలు, వంటింట్లోంచి కేకేస్తే వీధిలోకి వినబడుతుంది. నేనేం పట్టుబట్టడం లేదు. (కొంచెం పడుతున్నాననుకో.) ఏ పేరైనా సరే, ఖాయం చేసేముందు మీ అమ్మచేతా, మీ అత్తగారిచేతా వేరే గదిలోంచి గట్టిగా పిలిపించి చూడు.

బడి పేరు మనది, ముద్దుపేరు వాళ్ళది అని పంచుకుందామన్నావు. జాగ్రత్త. వాళ్ళు డాక్ నామ్ అనే ఆ ముద్దుపేరు ఏదో సరదా కాదు, బతికినంతకాలం ఇంట్లో పిలిచేది దానితోనే. అలా పంచితే మీ నాన్నకు కాగితం, మీ అత్తగారికి పిల్ల మిగులుతారు! బడి పేరు మాత్రం ఇద్దరిదీ కానివ్వండి. డాక్ నామ్ ఆవిడనే పెట్టనీ, అది వాళ్ళ ఆచారం. మనవాళ్ళు ఎలాగూ ఇంకోటి తగిలిస్తారు. అయితే పెట్టే ముందు మనకోసారి వినిపించమను. మా వియ్యపురాలు మనవరాల్ని ముద్దుగా "పుచూ" అంటుంటే, మా అత్తగారు "పిల్లనలా పుచ్చు అంటారేమే, వంకాయా?" అని వారం రోజులు గొణిగింది. నీ పేరు విని మీ అత్తగారు ఎందుకు నవ్విందో తెలుసా? వాళ్ళ భాషలో చిఠి అంటే ఉత్తరం.

ఇంటిపేరు సంగతి మీరిద్దరే తేల్చుకోండి. ఏది రాసినా పొడి అక్షరం కాకుండా పూర్తిగా రాయించు. పాస్‌పోర్టు ఫారంలో ఉండేవి పేరుకొక గడి, ఇంటిపేరుకొక గడి. మన పొడి అక్షరాలు అక్కడ ఎటూ ఇమడవు.

బారసాలకు ఇత్తడి పళ్ళెం, బియ్యం నేను తెస్తాను. ఉంగరం మీ అమ్మ దగ్గరుంది. బియ్యంలో పేరు బెంగాలీలో మీ అత్తగారు రాస్తారు, తెలుగులో మాత్రం అల్లుడే రాయాలి. రాదంటాడేమో, ఇంకా పన్నెండు రోజులుంది, కూర్చోబెట్టి దిద్దించు.

మీ పెద్దమ్మ