థైరాయిడ్, చర్మం గురించి రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

హైపర్ థైరాయిడ్ (థైరాయిడ్ హార్మోన్ ఎక్కువవడం) వల్ల చర్మంలో వచ్చే మార్పుల మీద నీ డ్రాఫ్ట్ చదివా. లక్షణాల పేర్లన్నీ వరసగా పేర్చేశావ్ గానీ, చదివేవాళ్లు తమ చెయ్యి చూసుకుని ఇది నాకుందా లేదా అని తేల్చుకోలేరు. చెయ్యి పట్టుకుంటే వెచ్చగా, తడిగా, నున్నగా తగులుతుంది, అరచేతులు ఎర్రబడతాయి, ఊరికే కూర్చున్నా చెమటలు, జుట్టు పలచబడుతుంది, ఇలా రాయి. గోరు సంగతి ఇంకా దగ్గరగా చూపించు: చివర్నుంచి కింది చర్మాన్ని వదిలేసి లేస్తుంది, ఆ సందులో మట్టి చేరి ఎంత కడిగినా పోదు, ఎక్కువగా ఉంగరం వేలితో మొదలవుతుంది, ఫంగస్ అనుకుని క్రీములు రాస్తూ కూర్చునే అవకాశం ఉంది కదా.

అలాగని చర్మం చూసి జబ్బు ఖాయం చేసేయకు. రక్తపరీక్షలో థైరాయిడ్‌ని పనిచేయించే హార్మోన్ టీఎస్‌హెచ్ తగ్గి, థైరాయిడ్ హార్మోన్లయిన టీ4 గానీ టీ3 గానీ పెరిగి ఉండాలి. నువ్వు వదిలేసింది ఒకటుంది, జుట్టు ఊడుతోందని బయోటిన్ అనే విటమిన్ మాత్రలు మింగుతుంటే కొన్ని ల్యాబ్ మెషీన్లలో లేని హైపర్ థైరాయిడ్ ఉన్నట్టు రిపోర్ట్ వస్తుంది, అందుకే ఆ మాత్రల సంగతి ముందే డాక్టర్‌కి చెప్పాలి.

హార్మోన్ అదుపులోకొస్తే చర్మం మెల్లగా సర్దుకుంటుందని రాశావ్, చాలావరకు నిజమే, జుట్టుకి మాత్రం నెలలు పడుతుంది. కానీ గ్రేవ్స్ జబ్బులో (ఒంటి రోగనిరోధక శక్తే థైరాయిడ్‌ని రెచ్చగొట్టి హార్మోన్ పెంచే జబ్బు) కొద్దిమందికి మోకాలి కింద, కాలి ముందువైపు చర్మం నారింజ తొక్కలా మందమవుతుంది, నొక్కినా సొట్ట పడదు, దాదాపు అందరికీ కళ్ల సమస్య కూడా ఉంటుంది. ఇది హార్మోన్ నార్మల్ అయ్యాక కూడా రావచ్చు! దీనికి గట్టి స్టెరాయిడ్ క్రీమ్ రాసి పైన ప్లాస్టిక్ చుట్టడం, బిగుతు మేజోళ్లు లాంటివి డాక్టర్ చెప్తారు, సిగరెట్ మానాల్సిందే.

హార్మోన్ తగ్గించడానికిచ్చే కార్బిమజోల్ మందు వల్ల కూడా దురద, దద్దుర్లు వస్తాయి, తేలికపాటివైతే అలర్జీ మాత్రతో తగ్గుతాయి. జ్వరం, గొంతునొప్పి వస్తే మాత్రం, ఆ మందు అరుదుగా రక్తంలో తెల్లకణాల్ని బాగా తగ్గించేస్తుంది కాబట్టి, దాన్ని ఆపేసి అదే రోజు తెల్లకణాల పరీక్ష చేయించుకోవాలి, నువ్వు దీన్ని ఆఖరి పేరాలో దాచేశావ్, పైకి తీసుకురా. ఫొటోలు ముదురు రంగు చర్మానివి కూడా పెట్టు, ఆ చర్మం మీద ఎరుపు అంత తేలిగ్గా కనపడదు.