డయాలసిస్ తర్వాత కూడా విడి రంగు మిగిలిపోతుంటే

యాంటీబాడీ అనే ప్రోటీన్‌కు ఎఫ్ఐటీసీ (నీలి కాంతిలో ఆకుపచ్చగా మెరిసే రంగు)ని రసాయన బంధంతో కలిపాక, రెండు రోజులు డయాలసిస్ (చిన్న అణువులను సన్న రంధ్రాల పొర గుండా బయటికి పోనిచ్చే శుద్ధి) చేసినా ఒక్కో యాంటీబాడీ అణువుకు 11 రంగు అణువులని మరీ ఎక్కువ లెక్క తేలడానికి కారణం, చాలావరకు, బంధం ఏర్పడని ఎఫ్ఐటీసీ ప్రోటీన్‌ను అంటిపెట్టుకుని ఉండిపోవడమే. అలా అంటిన రంగును డయాలసిస్ చాలా నెమ్మదిగా మాత్రమే వదిలిస్తుంది.

1. చర్య ముగిశాక గ్లైసిన్ కలిపి, మిగిలిన రంగును నిర్వీర్యం చేసి, ముద్దకట్టిన ప్రోటీన్‌ను సెంట్రిఫ్యూజ్‌లో తొలగించండి.

2. సెఫాడెక్స్ జి-25 కాలమ్ (అణువులను పరిమాణాన్ని బట్టి వేరుచేసే జెల్ పూసల గొట్టం) వాడండి. 8.3 మి.లీ. కాలమ్‌లో 2.5 మి.లీ.కి మించి నమూనా పోయకూడదు, ఎక్కువైతే రెండు పట్టీలూ కలిసిపోతాయి. ముందుగా దిగే పట్టీయే మీ ప్రోటీన్. వెనుక నెమ్మదిగా కదిలేది విడి రంగు.

3. చాలామంది వదిలేసే మెట్టు ఇదే: కొద్దిగా నమూనాను ఎస్‌డీఎస్ (ప్రోటీన్ మడతలు విప్పే డిటర్జెంట్) బఫర్‌లో మరిగించి, విద్యుత్తుతో జెల్‌పై నడిపి, కుమాసీ (ప్రోటీన్ పట్టీలను చూపే నీలి రంగు) వేయకముందే నీలి కాంతిలో చూడండి. రంగు అంచు జెల్ దాటిపోకముందే ఆపాలి, లేకపోతే చూడవలసినదే పోతుంది. జెల్ అడుగున ఆకుపచ్చ మెరుపు కనిపిస్తే విడి రంగు ఇంకా ఉన్నట్టే, కాబట్టి కొత్త కాలమ్‌పై మరోసారి నడపండి.

4. ప్రోటీన్ గాఢత లెక్కించేటప్పుడు 280 నానోమీటర్ల శోషణ నుంచి, 495 నానోమీటర్ల వద్ద శోషణను 0.3తో గుణించి, రంగు వాటాగా తీసివేయండి.