దోస్తు ఇంటికి పోయేముందు

హనుమకొండ

బిడ్డా,

నీ ఉత్తరం చదివిన. పరకాల దగ్గర నీ దోస్తు పెనిమిటి పోయిండని, ఆదరణ కూడికల నిన్ను వాక్యం చెప్పమన్నరని, పునరుత్థానం, అంటే చచ్చినోళ్లు లేచుడు, గురించి చెప్తే ఆమెకు ధైర్యమొస్తదా అని అడిగినవు. వస్తది బిడ్డా. కానీ కూడిక దాకా ఆగకు, రేపే పో. మైకు ముందట చెప్పేదాని కంటె ఆమె పక్కన కూసునుడే పెద్ద పని.

పోయేముందు యోహాను సువార్త 11వ అధ్యాయం నిమ్మళంగ చదువుకో. యేసు వచ్చేసరికి లాజరును సమాధిల పెట్టి అప్పటికే నాలుగు దినాలైంది. లాజరు తోడబుట్టిన మార్త యేసుకు ఎదురుపోయి, "ప్రభువా, నీవిక్కడ ఉండినయెడల నా సహోదరుడు చావకుండును" అన్నది. కాసేపటికి ఆమె తోడబుట్టిన మరియ వచ్చి పాదాల మీద పడి అదే మాట అన్నది. అక్కచెల్లెండ్లిద్దరిదీ ఒకటే నిష్ఠూరం. మార్త మాట్లాడే స్థితిల ఉన్నది, కాబట్టి ఆమెతోని "పునరుత్థానమును జీవమును నేనే" అన్నడు. మరియ ఏడుస్తుంటే ఆమెకు బోధ చెయ్యలే. ఎక్కడ పెట్టిన్రని అడిగి, తనూ ఏడ్చిండు. ఇంకాసేపట్ల లాజరును లేపుతనని తెలిసి కూడ ఏడ్చిండు, చూడు. నమ్మకమున్నోళ్లు ఏడ్వొద్దని ఎవరన్న అంటే నాకు మనసొప్పది. అపొస్తలుడు పౌలు కూడ థెస్సలొనీకయులకు రాసిన ఉత్తరంల ఏడ్వొద్దని రాయలే, నిరీక్షణ లేనోళ్ల లెక్క ఏడ్వొద్దన్నడు.

నీ దోస్తు మార్త తీరుగున్నదో మరియ తీరుగున్నదో గడపలనే నీకు ఎరుకైతది. పొద్దున ఒక తీరు, మాపటికి ఒక తీరు కూడ ఉండొచ్చు. "దేవుడు ప్రేమించినోళ్లను తొందరగ తీస్కపోతడు" అనే మాట మాత్రం నీ నోట్లకెల్లి రానియ్యకు. కడపట నశింపజేయబడే శత్రువు మరణమని 1 కొరింథీయులకు 15:26ల ఉన్నది. శత్రువు చేసిన పనిని దేవుని ప్రేమ అని ఆ పిల్లకు ఎట్ల చెప్తవు?

పత్తి ఏరే కాలం. అర్రల సగం దాకా పత్తి కుప్పనే ఉంటది, ఆమె వేళ్ల నిండ ఎండిన కాయల మొనలు గీరిన గాట్లుంటయి. ఆ చేతులు పట్టుకోని, ఆయన ఆత్మ పరలోకం పోయిందని ఒక్క మాట చెప్పి ఊకోకు. శరీరమే లేస్తదని కద మన నిరీక్షణ. నాగలి పట్టిన చేతులు, పిల్లలను ఎక్కించుకున్న భుజాలు క్షయమై విత్తబడినయి, అక్షయమై లేస్తయి. విత్తిన గింజ చస్తేనే మొలుస్తదని పౌలు అదే 15వ అధ్యాయంల చెప్పిన ముచ్చట వ్యవసాయం చేసినామెకు విడమరిచి చెప్పే పని లేదు, చదివితే చాలు.

ఇంకొకటి చూడు. ఆ 15వ అధ్యాయం మీ ప్రయాసము వ్యర్థము కాదని 58వ వచనంల ముగుస్తది. ఎంబడే 16వ అధ్యాయం మొదటి వచనంల చందా సంగతి. చచ్చినోళ్లు లేస్తరని అంత పొడుగు రాసి, అదే ఊపుల పైసలు జమ చెయ్యమన్నడు. నువ్వు కూడ అట్లనే చెయ్యి. పట్టా పాసుబుక్కు ఆయన పేర ఉండి, వయసు 18 నుంచి 59 లోపు ఉంటే రైతు బీమా 5 లక్షలు నామినీకి రావాలె. పంచాయతీల మరణ ధ్రువపత్రం తీసుకోని, వ్యవసాయ విస్తరణ అధికారి దగ్గరికి ఆమె ఎంట నువ్వే పో. కౌలు భూమైతే ఆ బీమా రాదు. అప్పుడు సంఘంల చందా ఎత్తాలె, చేన్ల మిగిలిన పత్తి ఏరనీకి మనుషులను పంపాలె. అప్పులోళ్లు వస్తే ఆమెను ఒక్కదాన్నే మాట్లాడనియ్యకు.

ఈస్టర్ తెల్లారుజామున సమాధుల తోటకు పోయి కొవ్వొత్తులు పెడ్తం కద. అప్పటికి ఆమె వస్తనంటే తోల్కపో, రానంటే బలిమి చెయ్యకు.

కూడికల మాత్రం పది నిమిషాల కంటె ఎక్కువ చెప్పకు. పిల్లలు ఆకలితోని ఉంటరు.

నీ పెద్దమ్మ