ఆర్బిట్రేషన్‌కు గుమాస్తా ఏం సిద్ధం చేయాలి?

ప్రశ్న: విజయవాడలో ఒక న్యాయవాది దగ్గర గుమాస్తాగా పనిచేస్తున్నాను. సివిల్ కోర్టు ఫైలింగ్ బాగా తెలుసు. మా క్లయింట్ బిల్డింగ్ కాంట్రాక్టర్. ఫైనల్ బిల్లు రాక ఆర్బిట్రేషన్‌కు (కోర్టు బదులు ఆర్బిట్రేటర్ అనే మధ్యవర్తి తీర్పు చెప్పే పద్ధతి) వెళ్లారు. ఆర్బిట్రేటర్‌గా రిటైర్డ్ జడ్జి గారు వచ్చారు. కాగితాలన్నీ నన్నే సిద్ధం చేయమన్నారు మా సార్. టెన్షన్‌గా ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: కోర్టులో మీ కాగితాల్లో లోపం ఉంటే సెక్షన్ వాళ్లు (కాగితాలు పరిశీలించే కోర్టు ఆఫీసు సిబ్బంది) ఆక్షేపణ రాసి రిటర్న్ చేస్తారు, సరిచేసి మళ్లీ వేస్తారు. ఇక్కడ అలా ఆపి చెప్పేవాళ్లు ఉండరు. లోపం ఎదుటి లాయరు నోటి నుంచే బయటపడుతుంది. కాబట్టి సెక్షన్ వాళ్ల పని కూడా మీదేనండి.

ముందు తేదీల పట్టిక రాయండి. వర్క్ ఆర్డర్, సైటు అప్పగించిన రోజు, ప్రతి రన్నింగ్ బిల్లు (పని జరుగుతుండగా ఇచ్చే బిల్లు), వచ్చిన ప్రతి చెల్లింపు, పక్కన ఆ కాగితం పేజీ నంబరు. ఇలాంటి క్లెయిమ్‌కు గడువు సాధారణంగా 3 ఏళ్లు. వేరే ఒప్పందం లేకపోతే, 1996 ఆర్బిట్రేషన్ చట్టం 21వ సెక్షన్ ప్రకారం ఆర్బిట్రేషన్ కోరే నోటీసు ఎదుటివారికి అందిన రోజే కేసు మొదలైనట్టు. పంపిన రోజు కాదు. అందుకే ఆ అకనాలెడ్జిమెంటు, ట్రాకింగ్ ప్రింటు భద్రంగా ఉంచండి. బాకీ ఉందని ఒప్పుకుంటూ వాళ్లు గడువులోపే సంతకం పెట్టి ఇచ్చిన ఉత్తరం ఏదైనా దొరికితే వెంటనే సార్‌కు చూపించండి. గడువు ఆ రోజు నుంచి మళ్లీ మొదలవుతుంది. నా అనుభవంలో ఇలాంటి ఉత్తరం అకౌంట్స్ ఫైల్లోనే ఎక్కడో ఉంటుంది, క్లయింట్‌కు గుర్తుండదు.

ఆర్బిట్రేటర్‌కు నియామకం నోటీసు అందిన తేదీ నుంచి 6 నెలల్లో క్లెయిమ్, జవాబు రెండూ పూర్తి కావాలి. అక్కడి నుంచి 12 నెలల్లో అవార్డు, అంటే ఆర్బిట్రేటర్ తీర్పు, రావాలి. ఇరుపక్షాలూ ఒప్పుకుంటే ఇంకో 6 నెలలు. ఆపైన కోర్టుకు వెళ్లి పొడిగింపు తెచ్చుకోవాల్సిందే. ఈ తేదీలు మీ డైరీలో ఉండాలి. సార్ గుర్తుపెట్టుకుంటారులే అనుకోవద్దు.

అగ్రిమెంటుకు స్టాంపు సరిపోయిందో లేదో కూడా ఇప్పుడే చూడండి. తక్కువైనంత మాత్రాన ఆర్బిట్రేషన్ క్లాజు చెల్లకుండా పోదని 2023 డిసెంబరులో సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల ధర్మాసనం తేల్చింది. కానీ లోటు కట్టి సరిచేసుకోక తప్పదు.

వాట్సాప్ మెసేజ్‌ల విషయంలో చాలామంది స్క్రీన్‌షాట్ తీసి ఊరుకుంటారు. ఆర్బిట్రేటర్ సాక్ష్య చట్టానికి కట్టుబడాల్సిన పని లేదు, నిజమే. అయినా ఎదుటివారు అభ్యంతరం చెప్తారు. భారతీయ సాక్ష్య అధినియం (ఇప్పటి సాక్ష్య చట్టం) 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే సర్టిఫికెట్ ముందే తీసుకోండి. అందులో ఒక భాగం మీద ఫోను వాడే మనిషి, రెండో భాగం మీద నిపుణుడు సంతకం చేయాలి. ఆ ఫోను అమ్మొద్దని, మార్చొద్దని క్లయింట్‌కు గట్టిగా చెప్పండి.

ఆర్బిట్రేటర్‌కు ఏ మెయిల్ పంపినా ఎదుటి పక్షానికి కాపీ వెళ్లాలి. వాయిదా అడగడానికి విడిగా ఫోన్ చేయొద్దు, కోర్టు అలవాటు కొద్దీ పొరపాటున కూడా. కేసు సంగతులు బయట మాట్లాడొద్దు. ఆర్బిట్రేషన్ చట్టం 42ఏ సెక్షన్ గోప్యత కోరుతుంది.

సైటు రిజిస్టరు తెలుగులో ఉండి, విచారణ ఇంగ్లీషులో అయితే అనువాదం జతచేయండి. సూపర్‌వైజరు అఫిడవిట్ ఇంగ్లీషులో తయారైతే సంతకానికి ముందు తెలుగులో చదివి వినిపించండి. ఏం చెప్పాలో మాత్రం నేర్పకండి. మెజర్‌మెంట్ బుక్ (చేసిన పని కొలతల పుస్తకం) ఎవరు రాశారని క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఎదుటి లాయరు అడిగితే ఆయన తనకు తెలిసిందే చెప్పాలి.