ఆ మాటలను ఉన్నదున్నట్టు కాగితం మీద పెట్టండి

మీ ప్రశ్న చదివాను. పాపకు ఆటిజం, ప్రైవేటు స్కూల్లో మూడో తరగతి. క్లాస్ టీచర్ అందరి ముందూ పాపను నానా మాటలంటోందని తోటి పిల్లల ద్వారా తెలిసింది. ప్రిన్సిపల్‌కు చెబితే "మేడమ్ కొంచెం స్ట్రిక్టు, అంతే" అన్నారు. గట్టిగా అడిగితే పాపను ఇంకా సతాయిస్తారేమోనని టెన్షన్. సర్దుకుపోవాలా, స్కూల్ మార్చాలా అని అడిగారు.

ముందు రాసి ఇవ్వండి. ఆ టీచర్ ఏ మాట అన్నదో ఆ మాటే, ఒక్క అక్షరం మార్చకుండా రాయండి. "అనుచితంగా మాట్లాడారు", "కటువుగా ప్రవర్తించారు" లాంటి మెత్తటి వాక్యాలు వద్దే వద్దు. స్కూల్ మార్చడమా, ఉండడమా అన్నది దాని తర్వాత చూసుకోవచ్చు. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో మా ఇంటి సంగతి వింటే మీకే తెలుస్తుంది.

మాది హనుమకొండ. మా చిన్నోడికి మేధో వైకల్యం. మాట నిదానంగా వస్తుంది, లెక్కల్లో రెండంకెలు దాటితే తికమకపడతాడు. తన పనులన్నీ తనే చేసుకుంటాడు. మనుషులంటే ప్రాణం. బడిలో ఏం జరిగిందని అడిగితే మాత్రం వరసగా చెప్పలేడు. "మంచిగున్నది" అంటాడు, అంతే. అందుకే విషయం నాకు వాడి నోటి నుంచి తెలియలేదు. పక్కింటి బాబు వాడి క్లాసే, అప్పుడు నాలుగో తరగతి. ఒక ఆదివారం ఆడుకోవడానికి వచ్చి గేటు దగ్గర నిలబడి "ఆంటీ, జీరో ఉన్నడా?" అని అడిగాడు. ఆ పిల్లాడి గొంతులో వెక్కిరింత లేదు. మావాడి పేరే అదన్నట్టు అడిగాడు. మావాడు కూడా లోపలి నుంచి "ఆ, వస్తున్న" అని చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

సాయంత్రం ఆ బాబును కూర్చోబెట్టి మెల్లగా అడిగితే మొత్తం చెప్పాడు. లెక్కల పీరియడ్ మొదలవగానే టీచర్ మావాడిని నిలబెట్టి "మన క్లాసుల జీరో ఎవరు?" అని అడుగుతుందట. క్లాసంతా వాడి పేరు చెప్పాలి. గట్టిగా చెప్పకపోతే మళ్లీ చెప్పిస్తుందట. "నీ బుర్రల మన్నున్నదా?", "మీ అమ్మనాయిన ఫీజు దండుగ", "పో, బర్లు కాసుకో పో". ఇవన్నీ రోజూ ఉండేవేనట. ఇందులో తప్పేముందో ఆ బాబుకు తెలియదు. టీచర్ చెప్పమంది, వీళ్లు చెప్పారు.

నన్ను ఎక్కువగా కాల్చింది అదే. టీచర్ నోటి దురుసు ఒక్క పిల్లవాడి దగ్గర ఆగదు. వీడిని ఎవరు ఏమన్నా ఎవరూ అడగరని మిగతా క్లాసంతా నేర్చుకుంటుంది. తర్వాత ఆటోలో, గ్రౌండులో, నీళ్ల ట్యాంకు దగ్గర పిల్లలు వాడిని ఏడిపిస్తే "చిన్నపిల్లలు కదా మేడమ్, మనమే పట్టించుకోవద్దు" అంటారు. ఆ చిన్నపిల్లలకు నేర్పిందెవరు మరి?

నాకు ఒక గట్టి అభిప్రాయం ఉంది. బడుల్లో బెత్తం తగ్గాక కొంతమంది టీచర్ల కోపమంతా నోటికెక్కింది. కొడితే తల్లిదండ్రులు వస్తారు, వాతలు ఫొటోలు తీస్తారు, పేపర్లో పడుతుంది. తిడితే ఏ గొడవా ఉండదు. అందులోనూ ఇంటికొచ్చి చెప్పలేని పిల్లలైతే మరీ సులువు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడంతో పాటు మానసిక వేధింపును కూడా నిషేధించింది. అందులో కొట్టడం గురించి ఉన్న సగం స్కూళ్లన్నిటికీ తెలుసు. మిగతా సగం గుర్తుచేసేవాళ్లు లేరు.

సరే, మా సంగతికి వస్తాను. మా ఆయన వెళ్లి నోటితో చెప్పి వచ్చాడు. "చూస్తం సార్" అన్నారట. ఏం చూశారో తెలియదు, జీరో ఆట మాత్రం ఆగలేదు. నేను ఒక నోటుబుక్కు పెట్టాను. తేదీ, పీరియడ్, అన్న మాట, ఎవరి ద్వారా తెలిసింది. మీరు కూడా ఈ పని ఇవాళే మొదలుపెట్టండి. లెటర్‌లో మాత్రం తోటి పిల్లల పేర్లు పెట్టకండి. వాళ్ల అమ్మానాన్నలు భయపడి మాట మార్చేస్తారు. వాళ్ల భయం కూడా నిజమైనదే, వాళ్ల పిల్లలూ అక్కడే చదవాలి కదా.

లెటర్ పట్టుకుని నేనూ మా అత్తమ్మా వెళ్లాం. అత్తమ్మది పరకాల దగ్గర పల్లె. ప్రిన్సిపల్ గదిలో కరస్పాండెంట్ కూడా ఉన్నాడు. ప్రిన్సిపల్ లెటర్ మనసులో చదువుకుని, మడతపెట్టి, "మేడం, మీ బాధ అర్థమైంది. కానీ ఈ మాటలు ఇట్ల రాసిస్తే టీచర్ లైఫ్ ఖరాబైతది. కొంచెం పరుషంగా మాట్లాడారు అని మార్చి ఇవ్వండి, మేం యాక్షన్ తీసుకుంటం" అన్నాడు. కరస్పాండెంట్ అందుకుని, బాబుకు కౌన్సెలింగ్ ఇప్పిస్తే అన్నీ సర్దుకుంటాయన్నాడు. తిట్టింది టీచర్, కౌన్సెలింగ్ మావాడికి! నేను జవాబు చెప్పేలోపే అత్తమ్మ మాట్లాడింది.

"సారూ, నాకు సదువు రాదు. మా కోడలు అండ్ల ఏం రాసిందో జెర సదివి చెప్పుండ్రి."

ఆయన నా వైపు చూశాడు. నేనేమీ అనలేదు. మడత విప్పి చదవడం మొదలుపెట్టాడు. తేదీ, పిల్లవాడి పేరు, తరగతి, సెక్షన్ గడగడా చదివాడు. "లెక్కల పీరియడ్‌లో టీచర్ గారు మా అబ్బాయిని నిలబెట్టి" దాకా వచ్చి ఆగిపోయాడు.

"నిలవెట్టి? చెప్పుండ్రి సారూ."

"అమ్మా, అవి మంచి మాటలు కావు. మీరు పెద్దవాళ్లు, మీ ముందు నేను చదవలేను."

"ముసలిదాని ముంగట మీరు సదవలేని మాట, తొమ్మిదేండ్ల పోరడు దినాం ఎట్ల ఇంటడు సారూ?"

కరస్పాండెంట్ ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు. మార్చి రాయమన్న మాట ఆ గదిలో మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఉన్నది ఉన్నట్టు రాయమని నేను పట్టుబట్టేది ఇందుకే. "పరుషంగా మాట్లాడారు" అని రాస్తే అది ఎవరికైనా చిన్న విషయంగానే కనిపిస్తుంది. చదివిన ప్రతి ఆఫీసరూ తల ఊపి పక్కన పెడతాడు. అసలు మాటలు రాస్తే చదివేవాడు వాటిని తన నోటితో అనుకోవాలి. అప్పుడు అది స్ట్రిక్టుగా ఉండటం ఎంతమాత్రం కాదని వాళ్లకే తెలుస్తుంది.

లెటర్ అందినట్టు స్టాంపు వేసి కాపీ ఇవ్వమంటే ఆఫీసులో "స్టాంపు సార్ దగ్గరున్నది" అన్నారు. సార్ లోపలే ఉన్నాడు. స్టాంపు కోసం వాళ్లను బతిమాలడం అనవసరం. అదే లెటర్ స్కూల్‌కు స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకున్నాను. ఇంకో కాపీ ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసులో ఇచ్చాను, అక్కడ అందినట్టు సంతకం చేసిచ్చారు.

టీచర్‌ను మా ముందుకు పిలిపించారు. "నేను చనువుతోని అన్న, మీరు సీరియస్‌గ తీసుకున్నరు" అంది. క్షమించమని అడగలేదు. ఎంఈఓ ఆఫీసు నుంచి స్కూల్‌కు ఫోన్ వెళ్లాక ఆమెను ఆ క్లాసు నుంచి తప్పించారు. జీరో ఆట ఆగింది. స్టాఫ్ అంతా అట్లాంటివాళ్లని నేననను. అదే స్కూల్లో తెలుగు మేడమ్ రోజూ మావాడి చేత బోర్డు మీద తేదీ రాయించేది. తప్పు రాస్తే పక్కన నిలబడి దిద్దించేది. అదే పిల్లలు, అదే క్లాసు. ఆ పీరియడ్‌లో ఒక్కరు కూడా నవ్వేవాళ్లు కాదు.

ఇక మీ భయం. కాగితం వెళ్లాక నేరుగా పిల్లలను ఏమీ అనరు, అది నేను చూశాను. ఎవరు ఎక్కడ రాసిపెడతారోనని జాగ్రత్తపడతారు. కక్ష ఉంటే వేరే దారుల్లో బయటపడుతుంది. మా విషయంలో బతుకమ్మ సంబురాల రోజు "బాబుకు గోలగా ఉంటుంది, ఇంట్లో ఉంచుకోండి" అని మెసేజ్ పెట్టారు. మావాడికి బతుకమ్మ అంటే పిచ్చి. పంపించాను. మర్నాడు గ్రూపులో పెట్టిన ఫొటోల్లో ఒక్కదాంట్లో కూడా వాడు లేడు. తర్వాత, వాడి పక్కన కూర్చోవడానికి ఒక ఆయమ్మను పెడతాం, ఆమె జీతం మీరే కట్టాలన్నారు. చివరికి "మీకు ఇబ్బందిగ ఉంటే టీసీ తీసుకపోండి" అన్నారు. ఇది మీతోనూ అంటారు, అప్పుడు బెదరకండి. ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా పిల్లలను బడి నుంచి తీసేయకూడదని విద్యాహక్కు చట్టం 16వ సెక్షన్‌లోనే ఉంది. టీసీ మీరు అడిగితే ఇవ్వాలి గానీ వాళ్లంతట వాళ్లు చేతిలో పెట్టకూడదు.

ఇంకో చట్టం కూడా గుర్తుపెట్టుకోండి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. 1995 చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి, ఇందులో 21 ఉన్నాయి. మీ పాపకున్న ఆటిజం కూడా అందులో ఉంది. దాని 92వ సెక్షన్ ప్రకారం, వైకల్యం ఉన్నవాళ్లను కించపరచాలని నలుగురి కళ్లముందు కావాలనే అవమానిస్తే ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా జైలు, జరిమానా. క్లాసు నిండా పిల్లల ముందు నిలబెట్టి అనడం నలుగురి ముందు అనడం కాకపోతే మరేమిటి? నేను కేసు దాకా వెళ్లలేదు. కానీ ఆ సెక్షన్ నంబరు లెటర్‌లో రాశాను. మర్నాడే కరస్పాండెంట్ స్వయంగా ఫోన్ చేశాడు.

పాపకు వైకల్య సర్టిఫికెట్ ఇంకా తీయకపోతే తీయండి, అన్ని చోట్లా పనికొస్తుంది. ఆ సర్టిఫికెట్ కోసం పెట్టే క్యాంపుల సంగతి కూడా చెప్పాలి. పొద్దున్నుంచి పిల్లలను లైన్లో కూర్చోబెట్టి, వైకల్యం గురించి అందరికీ వినపడేలా "ఎంత పర్సెంట్?" అని అడుగుతారు. మా బంధువుల్లో కొందరు ఇప్పటికీ మావాడు ఎట్లున్నాడని అడగరు, పర్సెంట్ పెరిగిందా తగ్గిందా అని అడుగుతారు. సర్టిఫికెట్ చేతికి రాలేదని ఫిర్యాదు ఆపకండి. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ఏ పిల్లలకైనా వర్తిస్తుంది.

వరంగల్ వైపు వాళ్లు ఒకటి గమనించాలి. మనకు ఊరు ఒకటే అనిపించినా 2021 నుంచి హనుమకొండ, వరంగల్ వేరువేరు జిల్లాలు, డీఈఓలూ (జిల్లా విద్యాధికారులు) వేరు. స్కూల్ కాజీపేటలో ఉంటే హనుమకొండ డీఈఓకు, ఖిలా వరంగల్‌లో ఉంటే వరంగల్ డీఈఓకు ఇవ్వాలి. తప్పు ఆఫీసులో ఇస్తే "మా పరిధి కాదు" అని తిప్పి పంపుతారు. ఎంఈఓ పట్టించుకోకపోతే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణికి వెళ్లండి. అక్కడ రసీదు ఇస్తారు, కింది ఆఫీసు దానికి జవాబు చెప్పుకోవాలి. పాపను బెదిరిస్తున్నారని తెలిస్తే వెంటనే 1098కు ఫోన్ చేయండి.

స్కూల్ మార్చడం గురించి: మేము ఆ ఏడాది పూర్తిచేసి మార్చాం. మావాడు ఇప్పుడు సర్కారు బడిలో ఉన్నాడు, మండలంలో భవిత కేంద్రం (ఇలాంటి పిల్లల కోసం సర్కారు నడిపే కేంద్రం) దగ్గర. అక్కడి ప్రత్యేక టీచర్ వాడికి డబ్బులు లెక్కపెట్టడం నేర్పింది. ఆమె ఒక్కతే ఎంతమంది పిల్లలను చూసుకోవాలో, అలాంటి టీచర్లను ఇంకా ఎందుకు తీసుకోరో నాకు అర్థం కాదు. మీరు కూడా మారాలనుకుంటే మారండి, కానీ ఫిర్యాదు ఇచ్చిన తర్వాత. చెప్పకుండా వెళ్లిపోతే వచ్చే జూన్‌లో ఆ బెంచీ మీద ఇంకో పిల్ల కూర్చుంటుంది, ఆ టీచర్ అక్కడే ఉంటుంది.

లెటర్ చివర మీకేం కావాలో స్పష్టంగా రాయండి. మేము మూడు అడిగాం: టీచర్‌ను ఆ క్లాసు నుంచి తప్పించాలి, మాకు రాతపూర్వకంగా జవాబివ్వాలి, జరిగింది తప్పని క్లాసు పిల్లలకు ప్రిన్సిపలే చెప్పాలి. మొదటి రెండూ చేశారు. మూడోది చేయనేలేదు. మీ లెటర్‌లో దాన్ని మొదట పెట్టండి.